గంధం పూసిన చక్రాలు

మా బావ రత్నస్వామి ఆచారికి కోపం వస్తే బయటికి రాదు. లోపలే పెట్టుకుని మూతి ముడుచుకుని తిరుగుతాడు. నాది తాటాకు మంట, భగ్గున లేచి చప్పున చల్లారుతుంది. మా అక్క ధనకోటిని ఆయనకు ఇచ్చి చేసిన నాటి నుంచీ ఆయన తిట్టవలసిన తిట్లన్నీ ఆయన తరఫున నేనే తిడుతున్నాను. బామ్మర్ది అన్నాక ఆ మాత్రం పని ఉండాలి కదా.

వాళ్ళది తిరువాలంగాడు. వాళ్ళ నాయన ఎడ్లబండ్లకు చక్రాలు చేసేవాడు. ఊళ్ళలోకి టైరు బండ్లు వచ్చేసరికి చక్రాల పని మూలబడింది. బావ పెట్టెలో ఉలులు సర్దుకుని రైలెక్కి, తిరువళ్ళూరు అవతల ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఇనుమును పోత పోయాలంటే ముందు ఆ వస్తువును చెక్కతో చేయాలి, దాన్నిబట్టి అచ్చు తీస్తారు. ఆ చెక్క నమూనాలు చేసే షాపులో ఆయన పని. అక్కడ మిగతావాళ్ళు బల్ల ముందు నిలబడి, చెక్కను వైస్ అనే ఇనప పట్టులో బిగించి పని చేస్తారు. మా బావ మాత్రం వాళ్ళ నాయనలాగే నేల మీద గొంతుక్కూర్చుని, చెక్కను పాదాల మధ్య ఇరికించి, ఎడమ చేత్తో పట్టుకుని చెక్కేవాడు. ఎవరెంత నవ్వినా మార్చుకోలేదు. పని అంత బాగుంటే నవ్వేవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు నవ్వుతారు?

నా సంగతి అడక్కండి. ఆచారుల ఇంట్లో పుట్టి, ఉలి పట్టడం చేతకాక స్పానరు పట్టుకున్నవాణ్ని. తిరుత్తణి బస్టాండు పక్కన నా సైకిలు షాపు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో, చెక్కను నున్నగా చేసే యంత్రం మా బావ ఎడమ చేతిలో రెండు వేళ్ళు తీసుకుంది. చూపుడు వేలు, మధ్య వేలు. గాయం మానాక కంపెనీవాళ్ళు ఆయన్ను గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు. ఫోర్‌మన్ వరదరాజులు నాయుడు మంచివాడు. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు బావను పక్కకు పిలిచి చెప్పాడు.

"రత్నం, నీ చోట్లో ఇంకొకర్ని వేసుకోమని పైనుంచి చెప్తావుండారు. ఆయుధ పూజ దాకా నేను ఆపుతా. నీ చేతనవుతాదా కాదా అని నువ్వే వచ్చి చెప్పాల. నేను చెప్పేది గాదు ఆ మాట."

బావ ఔననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి ఉలుల పెట్టెను మంచం కిందికి తోసేశాడు. ఎడమ చేతిని పైపంచెలో చుట్టుకుని తిరగడం నేర్చుకున్నాడు. గేటు పని చెడ్డదని నేననను. ఎండ తగలదు, వాన తగలదు. కానీ చెక్క వాసన లేకుండా మా బావ ఎన్నాళ్ళు మనిషిగా ఉంటాడో మాకు తెలియలేదు. అక్క నా షాపుకొచ్చి కూర్చుని ఏడ్చింది.

"నిద్రే పోడు రా. లేని వేళ్ళు నొస్తావుండాయంటాడు. లేని దానికి నేను ఏం మందు పూసేది?"

పూజ దగ్గర పడుతోంది. ఆయన ఏమీ చెప్పకపోతే ఆ చోటు పోతుంది, పోయిందంటే మళ్ళీ రాదు. అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతాడు.

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీలో ఒక నోటీసు పెట్టారు. ఆయుధ పూజనాడు ఎలాగూ పనివాళ్ళ ఇంటివాళ్ళందరూ యంత్రాలు చూడడానికి వస్తారు కదా, ఆ సంవత్సరం పిల్లలకు కారు పందెం అని. జానెడు కారు. అంతా చెక్కతోనే చేయాలి, మేకు కూడా ఉండకూడదు. తండ్రీ బిడ్డా కలిసి చేయాలి. ఏటవాలుగా వేసిన పలక మీద పైనుంచి వదలాలి, తొయ్యకూడదు. ముందు కిందికి చేరింది గెలిచినట్టు.

మా మేనకోడలు రాజామణికి అప్పుడు ఎనిమిదేళ్ళు. చేద్దామని అడిగింది. బావ వద్దన్నాడు. మళ్ళీ అడగలేదు. అచ్చం తండ్రి పోలిక, మూతి ముడుచుకుంది.

తరువాతి ఆదివారం నేను వాళ్ళింట్లో తింటున్నాను. వసారాలో టకటకమని చప్పుడు. చూస్తే రాజామణి, తాత కాలంనాటి తుమ్మ చెక్క ముక్క ఒకటి లాక్కొచ్చి, కొబ్బరికాయలు కొట్టే కత్తితో దాన్ని నరుకుతోంది. బావ ముందు చూడనట్టు కూర్చున్నాడు. రెండు దెబ్బలకు ఓర్చుకున్నాడు. ఆ తరువాత ఇంక వల్ల కాలేదు.

"తుమ్మ అది! చార ఎటు పోతావుందో చూడకుండా కొడితే చీలిపోతాది! చెక్కను చంపతావుండావు గదే పాపా!"

"అయితే నువ్వు చెయ్యి నాయనా."

"పట్టుకొనేదానికి నాకు వేళ్ళు ల్యావు."

ఆ మాట ఆయన నోట మేము వినడం అదే మొదలు. అక్క చేతిలో గరిటె అలాగే ఆగింది. రాజామణికి మాత్రం అందులో కష్టమేమిటో అర్థం కాలేదు.

"నాకుండాయి గదా," అంది. "యాడ పట్టుకోవాలో చెప్పు."

మంచం కింది నుంచి పెట్టె బయటికి వచ్చింది. ఉలులు తుప్పు పట్టి ఉన్నాయి. సానరాయి మీద వాటిని నూరడానికే ఆ రోజు సరిపోయింది. మర్నాడు సాయంత్రం పనిలో కూర్చున్నారు. ఆయన ఎడమ బొటనవేలూ చివరి రెండు వేళ్ళూ ఉలి మీద, చెక్కను కదలకుండా పట్టింది బిడ్డ వేళ్ళు. ఉలి మీద కొడదామని కొయ్యసుత్తి ఎత్తిన మనిషి ఎత్తినట్టే ఉండిపోయాడు. తన వేళ్ళు పోయినవాడికి, బిడ్డ వేళ్ళ పక్కన ఉలి పెట్టడం అంటే ఏమిటో ఆ సుత్తి ఎత్తినవాడికే తెలియాలి. అక్క చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. "వద్దులే బావా," అని నేనే అనేశాను.

"నువ్వు ఊరుకో మామా," అంది రాజామణి. "నాయన కొడతాడు."

కొట్టాడు. చిన్న పెచ్చు లేచి అవతల పడింది. "ఉలి ఎప్పుడూ నీ నుంచి అవతలికే పోవాల, చూసినావా? నీ వైపుకు రాకూడదు," అన్నాడు. రెండో దెబ్బ ఆగకుండా పడింది.

అలా రోజూ గేటు డ్యూటీ దిగి వచ్చాక కూర్చునేవాళ్ళు. ముందు భాగం సన్నగా, వెనక బరువుగా. చక్రాలకు తుమ్మ, ఇరుసుకు వెదురు. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా చిన్న వెదురు శీల, బండి చక్రానికి పెట్టినట్టే. చక్రం అంచు నేలకు ఎంత తక్కువ తగిలితే అంత బాగా పరుగెత్తుతుందని అంచుల్ని పల్చగా గీశాడు. రాజామణి వేళ్ళు కదిపితే కసిరేవాడు. ఆమె తిరిగి కసిరేది. ఇల్లు మళ్ళీ ఇల్లులాగా అయింది. నేను బేరింగులు తెస్తానంటే ఇద్దరూ కలిసి నన్ను కసిరారు. అయినా ఫోర్‌మన్ అడిగిన మాటకు జవాబు మాత్రం ఆయన నోట రాలేదు. "బిడ్డ వేళ్ళతో చేసింది నా పని ఎట్లవుతాది?" అన్నాడు నాతో.

ఆయుధ పూజ వచ్చింది. మా వాళ్ళలో ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు వరసగా పెడతాం. ఒకసారి పెట్టాక మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా ముట్టుకోం. ఆ రోజు వాటికి విశ్రాంతి. నేను తెల్లారకముందే నా షాపు పూజ ముగించుకుని తిరువాలంగాడు చేరేసరికి, బావ ఉలులు పటం ముందున్నాయి. పక్కనే కారు, చక్రాలు కూడా కనబడకుండా కప్పిన చామంతి దండతో. మురిసిపోయాను, అంతటితో ఆగాను. దండ తీసి చూడాలని తోచలేదు.

బావ వాళ్ళమ్మతో సహా అందరం రైల్లో వెళ్ళాం. ఫ్యాక్టరీ అంతా అరటి పిలకలు, గుమ్మడికాయలు, సాంబ్రాణి పొగ. పందేనికి ముందు ఒకసారి వదిలి చూసుకోవచ్చు అన్నారు. రాజామణి దండ తీసి వదిలింది. కారు కొంచెం కదిలి, కీచుమని, పలక సగంలో నిలబడిపోయింది.

తీసి చూశాను. చక్రం తిరగడం లేదు. నాలుగు చక్రాలకూ సరిగ్గా నడిమధ్య, ఇరుసు దూరిన చోట, ఇంతింత గంధం ముద్ద, దాని మీద కుంకుమ. తడి గంధం రంధ్రంలోకి దిగి, రైలు ప్రయాణంలో ఎండి బిగుసుకుపోయింది.

"ఎవురు చేసింది ఇది?" అని అరిచాను.

"నేనే," అంది బావ వాళ్ళమ్మ కుప్పమ్మ, ఏ తప్పూ ఎరగనట్టు. "బండి గదా. బండికి చక్రానికి బొట్టు పెట్టకుండా పూజ ఎట్లవుతాది? రత్నం నాయన చక్రాలు చేసిన బండికల్లా నేనే పెట్టినా."

ఆ ముసలమ్మను ఏమని తిట్టను? రాజామణి నా చేతిలోంచి కారు లాక్కుని చక్రాన్ని గోటితో గీకుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలొక మాట అంటున్నారు. సన్న ఉలి ఒకటి ఉంటే గీకేయొచ్చు. షాపులో ఉలులకు కొదవ లేదు, అన్నీ పూలు పెట్టించుకుని పటం ముందు పడుకున్నాయి. తీయమని ఎవరూ అనలేదు, తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మా బావ పైపంచె తీసి నా భుజం మీద పడేశాడు. నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కారును పాదాల మధ్య ఇరికించుకున్నాడు. శీలల్ని పంటితో పట్టి లాగాడు. ఎడమ చేతిలో మిగిలిన మూడు వేళ్ళతో చక్రాన్ని పట్టుకుని, కుడి చేత్తో తిప్పి ఊడదీశాడు. రాజామణి జడ నుంచి రిబ్బను లాగి, రంధ్రంలో దూర్చి, అటూ ఇటూ లాగుతూ గంధమంతా తుడిచేశాడు. ఆ తరువాత లేచి పూజ దగ్గరికి పోయి, విభూతి కొంచెం, ప్రమిదలో నూనె కొంచెం తెచ్చాడు. ముందు నుదుట పెట్టుకున్నాడు. మిగిలింది అరచేతిలో కలిపి ఇరుసుకు పూశాడు. వాళ్ళ నాయన ఎండుగడ్డి కాల్చిన బూడిదను ఆముదంలో కలిపి బండి ఇరుసులకు పూసేవాడు. మా బావకు ఆ మూడు వేళ్ళను అంతమంది చూస్తున్నారనే ధ్యాసే లేదు. నాకు ఉంది. ఎవరైనా అయ్యో అంటారేమోనని కాచుకుని ఉన్నాను. ఎవరూ అనలేదు. చక్రాలెక్కించి వేలితో ఒకటి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

పందెంలో మా కారు రెండోది వచ్చింది. మొదటిది స్టోర్సులో పనిచేసే ఆయన కొడుకుది, బెత్తెడు ముందు. రాజామణి ఏడుస్తూ అక్క కొంగులో దూరింది.

వరదరాజులు మా కారును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"రత్నం, ఎండాకాలంలో ఒక మాట అడిగితిని."

బావ తల వంచుకున్నాడు. "అన్నా, అబద్ధం చెప్పను. కొట్టింది నేనే. చెక్కను పట్టుకొనింది బిడ్డ. నాకు పట్టు చాలదు."

వరదరాజులు ఆయన్ని వింతగా చూశాడు. "ఇప్పుడు పట్టుకొనింది ఎవురు? నా కండ్ల ముందర? శెరి, చాలదనే అనుకో. పట్టుకొనేదానికి వైస్ ఉండాది గదప్పా! ఇన్నాళ్ళు నువ్వు మొండికేసి నేల మీద కూర్చుంటివి గాని, షాపులో మిగతావాళ్ళంతా ఏం చేస్తావుండారు?"

ఇంటిల్లిపాదీ అన్ని నెలలు కుమిలిపోయాం, ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదు. ఆయన పనంతా ఆ ఎడమ చేతిలోనే ఉందని ఆయన నమ్మాడు, ఆయన్ని చూసి మేమూ నమ్మాం.

"చేతనవుతాదా?" అన్నాడు వరదరాజులు మళ్ళీ.

"అవుతాదన్నా."

"అయితే రేపు విజయదశమి. పూజ కాంగానే షాపులో మొదటి ఉలి ఎత్తేది నువ్వే. రా."

దేవుడా అనుకున్నాను. మా బావ ఆ షాపులోనే రిటైరయ్యాడు. చివరిదాకా వైస్‌ను తిడుతూనే వాడుకున్నాడు.

తిరుగు రైల్లో అందరం నవ్వుతుంటే రాజామణికి మండింది.

"మీకందరికీ నవ్వు! ఓడిపోయింది నేను."

బావ ఆమెను ఒళ్ళోకి లాక్కున్నాడు. "వచ్చే సంవత్సరం వెనక బరువు ఇంకొంచెం పెంచుదాము. పండగ దాకా ఆగేది వద్దు, ముందే మొదలుపెడదాము. ఏమంటావు?"

ఆమె ఇంకా అలక మానలేదు. అక్క కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేందక్కా ఏడుపు?" అన్నాను.

"విన్యావా," అంది. "వచ్చే సంవత్సరం అంటావుండాడు రా."

రైలు కడంబత్తూరు దాటింది. బావ గోడకు తల ఆనించి, మేము లేపేదాకా నిద్రపోయాడు.