ఒకసారి తడితే సిద్ధం

పుట్టినరోజు సామాన్లు అమ్మే ఆ కొట్టులో బల్ల ఒకటి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే అది బల్ల కాదు, పెట్టె. నల్లరంగు వేసిన పొడుగాటి చెక్కపెట్టె. సరిగ్గా మధ్యలో రెండుగా విడిపోతుంది. ఒక కొసన తల పట్టే గుండ్రటి కన్నం, రెండో కొసన కాళ్ళకు రెండు కన్నాలు. ఇప్పుడా కన్నాల నిండా బెలూన్ల పాకెట్లు, కాగితం టోపీలు కుక్కి ఉంటాయి కానీ, ఒకప్పుడు అందులో ఒక ఆడమనిషిని పడుకోబెట్టి, వందల మంది చూస్తుండగా రంపంతో రెండు ముక్కలుగా కోసేవారు. ఆ కోయించుకున్న మనిషే ఇవాళ ఆ పెట్టె వెనక కుర్చీ వేసుకుని పిల్లలకు ఈలలు అమ్ముతోంది.

ఆమెను అందరూ రబ్బరు అంటారు. మనవలకు రబ్బరు అమ్మమ్మ. ఆ పేరు పెట్టింది మ్యాజిక్ కంపెనీలో డ్రమ్ము వాయించే ముసలాయన. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, చేతులు ఒంటికి చుట్టుకుని, పెట్టెలో సగభాగంలోనే మొత్తం మనిషి ఇమిడిపోయేది మరి. రెండో సగంలోంచి కనబడే కాళ్ళు ఎవరివంటారా? అది చెబితే ఆమె ఈ జన్మకు నాతో మాట్లాడదు.

కోసేది ఆమె భర్త. పోస్టరు మీద ఆయన ప్రొఫెసర్. ఏడో తరగతి రెండుసార్లు తప్పిన మనిషికి ఆ బిరుదు ఎవరిచ్చారో దేవుడికే తెలియాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె కూడా ప్రొఫెసర్ గారూ అనే పిలుస్తుంది, కోపం వస్తే మరీ గౌరవంగా.

మూత పడ్డాక వాళ్ళిద్దరి మధ్యా మాటలుండేవి కావు. లోపలి నుంచి ఆమె ఒకసారి తడితే సిద్ధం, రెండుసార్లు తడితే ఆగు. ఒక్క తట్టు వినబడేదాకా ప్రొఫెసర్ రంపం ముట్టుకునేవాడు కాదు. హాలు హాలంతా గోల పెట్టినా సరే, రంపం పదును చూస్తున్నట్టు నటిస్తూ నిలబడేవాడు. ఆట అయ్యాక మూత తీసేటప్పుడు ఇంకో కట్టుబాటు ఉండేది. పెట్టెలోకి చూడకూడదు. మాంత్రికుడి చూపు ఎటు పోతే జనం చూపూ అటే పోతుంది. అందుకని జనం వంక చూసి నవ్వుతూ, పక్కకు చెయ్యి చాపేవాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆమె లేచి, ఒక్క ముక్కగా నిలబడి, వంగి సలాం చేసేది.

ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది చప్పట్లు కాదు, పెట్టెలోని చీకటి. పావురాల ఈకల వాసన, తడి ఆరని రంగు వాసన, మూత సందులోంచి మోకాలి మీద పడే సన్నటి వెలుగు గీత. బయట డ్రమ్ము మోగుతుంటే లోపల తన ఊపిరి తనకే వినబడేది. అంత హాయి ఆ తర్వాత ఏ పట్టుపరుపు మీదా దొరకలేదని ఇప్పటికీ చెబుతుంది. ఆ చీకట్లో ఆమె అందంగా ఉండక్కర్లేదు. ఇమిడితే చాలు.

కూతురు పుట్టి, పాలు మాన్పించాక, అద్దంలో ఆమెకు రెండు ఖాళీ సంచులు కనిపించాయి. అదే రోజుల్లో హాలు యజమాని కొత్త పోస్టరు వేయించాడు. అందులో ఆమె లేదు. జనం టిక్కెట్టు కొనేది పెట్టె కోసం కాదనీ, పెట్టె పక్కన నిలబడేదాని కోసమనీ ఆయన సెలవిచ్చాడు. కట్టుకున్నవాడికి లేని బాధ హాలు యజమానికెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని తీసి పారేయాల్సిన మాట. ఆమె తీసి పారేయలేకపోయింది. ఇందుకు ఆమెను తప్పుపట్టేవాళ్ళు చదవడం ఇక్కడే ఆపెయ్యవచ్చు. ముప్పయ్యేళ్ళకే నీ పని అయిపోయిందని ఊళ్ళో గోడలన్నీ చెబుతుంటే మీకేం తోచేదో మీరే చూసుకోండి.

కంపెనీలో మేకప్ వేసే పిన్నికి ఒక డాక్టరు తెలుసు. రొమ్ముల్లో సిలికాన్ సంచులు పెడతారనీ, బతికున్నంతకాలం చెక్కుచెదరవనీ పిన్ని చెప్పింది. ఆమె ఆ సంగతి ప్రొఫెసర్ చెవిన వేసింది. ఆయన పావురాల గూడు కడుగుతున్నాడు. చేతిలో గుడ్డ ఆపకుండానే, నీ ఇష్టం అన్నాడు. మౌనమే అర్ధాంగీకారమైతే, నీ ఇష్టం అన్నది పూర్తి అంగీకారమేగా అనుకుంది ఆమె. ఆయనకూ ఇదే కావాలి కాబోలు, నోరు తెరిచి అడగడానికి మొహమాటపడ్డాడు అనుకుంది.

అబద్ధమెందుకు, మొదట్లో బాగానే ఉంది. చెమ్కీల గౌను ఒంటికి అతికినట్టు సరిపోయింది. పోస్టరులో ఆమె మళ్ళీ ప్రత్యక్షమైంది. ఆమె నడిచొస్తే ఈలలు పడ్డాయి, ఆ ఈలలు ఆమెకు నచ్చాయి కూడా. చిక్కొచ్చింది పెట్టెతో. మోకాళ్ళు గడ్డానికి ఆనడం మానేశాయి. మధ్యలో రెండు గట్టి ముద్దలు అడ్డం. తిరిగి వేదికెక్కిన తొలిరోజు మూత పడ్డాక ఆమె అటు మెసలి, ఇటు మెసలి, రెండుసార్లు తట్టింది. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు. జనం కాళ్ళతో నేల తన్నడం మొదలుపెట్టారు. ప్రొఫెసర్ రంపం కింద పెట్టి, ఉన్న పావురాలన్నిటినీ ఒక్కసారిగా వదిలేసి, తెర దింపించాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆయన ఒక్క మాటా అడగలేదు. కొత్త పలకలు కొనుక్కొచ్చి ఇంకా పెద్ద పెట్టె చేశాడు. మొదటి వరసలో కూర్చున్నవాడెవడో అందులో ఇద్దరు పడతారని అరిచాడు. దాంతో రంపం ఆట అటకెక్కింది. ఆమె పెట్టె పక్కన నిలబడి నవ్వడం, ఆయన టోపీలోంచి పావురాలు తీయడం మిగిలాయి. తర్వాత కంపెనీ మూతపడింది, ఇద్దరూ ఈ కొట్టు పెట్టుకున్నారు. పెద్ద పెట్టె కొట్టులో అరలైంది, చిన్నది బల్ల అయింది. డ్రమ్ము ముసలాయన ఒకసారి కొట్టుకొచ్చి, రబ్బరుకు రబ్బరు పెట్టించిన తెలివి ఎవరిదే అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది కానీ, ఆ పూట అన్నం సహించలేదు.

ఏళ్ళు గడిచాయి. మనవలు పుట్టాక ఎడమవైపుది రాయిలా బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేదు, పై అరలో మాస్కులు అందుకోలేదు. మనవరాలు పరుగెత్తుకొచ్చి గుండెలకు హత్తుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది, పైకి మాత్రం నవ్వేది. వేదిక మీద నేర్చిన విద్య అది. ఆ నవ్వును కూతురు ఒకనాడు పట్టేసింది. కూతురు స్కూల్లో డ్రిల్లు టీచరు, ఎవరి మాటా వినే రకం కాదు. తల్లిని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

సిలికాన్ సంచి చుట్టూ ఒళ్ళు పెంకు కట్టుకుందనీ, ఆ పెంకు బిగుస్తోందనీ, లోపల సంచి చిరిగిందనీ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. తీయడం మంచిదంది. తీశాక కొత్తవి పెట్టించుకోవచ్చు, ఊరికే వదిలేయనూ వచ్చు. వదిలేస్తే చర్మం వేలాడుతుంది, అక్కడక్కడ సొట్టలు పడవచ్చు, మునుపటిలా ఉండదు. ఏది కావాలో ఆలోచించుకుని రమ్మంది.

ఆమె ఆలోచించింది. కొత్తవి పెట్టించుకుంటే మళ్ళీ ఇదే భాగోతం ఎప్పుడో ఒకప్పుడు. వద్దంటే, ఇన్నేళ్ళుగా ప్రొఫెసర్ ఎరిగిన ఆడమనిషి ఉండదు. ముసలితనంలో ఇదేం చింత అని మీకనిపించవచ్చు, ఆమెకూ అనిపించింది. అయినా భయం పోలేదు. ఆయన తనను చూసి చూపు తిప్పుకుంటాడేమోనన్న భయం. ఆ సాయంత్రం కొట్టులో సంగతంతా చెబితే ఆయన బెలూనుకు ముడి వేస్తూ, పాత పాటే పాడాడు.

"నీ ఇష్టం."

"అప్పుడూ ఇదే మాట అన్నారు ప్రొఫెసర్ గారూ," అంది ఆమె. "నా ఇష్టం నాకు తెలుసు. మీ ఇష్టం ఏంటో ఒక్కసారైనా చెప్పి చావండి."

ఆయన బెలూను వదిలేశాడు. అది గోడల మీదుగా తిరిగి తిరిగి చప్పబడి, మూత తీసి ఉన్న బల్లపెట్టెలో పడింది.

ఆ బెలూను తీద్దామని మర్నాడు ఆమె పెట్టెలోకి వంగింది. ఎడమవైపు కలుక్కుమని ఊపిరి ఆగినంత పనైంది. అలాగే అంచు పట్టుకుని నిలబడిపోయింది. చేతికి లోపలి పలక తగిలింది. ఒకచోట గుంటపడి, అద్దంలా నున్నగా ఉంది. తన భుజం ఆనిన చోటు. రోజుకు రెండు ఆటలు చొప్పున పడుచుదనమంతా ఆ చోటే ఆని ఆని అరగదీసింది. ఆ గుంట మీద అరచేయి పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పోస్టరు పోయినందుకు ఇలా ఎప్పుడూ ఏడవలేదు. తనకు నిజంగా పోయింది ఏదో అప్పుడు తెలిసింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, తీసెయ్యండి, మళ్ళీ ఏమీ పెట్టొద్దు అని చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక, తీసినవి చూపించమని పట్టుబట్టింది. నర్సు ఒక స్టీలు గిన్నెలో తెచ్చింది. ఒకటి మసకబారిన సంచి, రెండోది చిరిగి జిగురు కారుతున్న ముద్ద. కూతురు మొహం తిప్పుకుంది. ఆమె మాత్రం తేరిపార చూసి, దీనికోసమా ఇంత కథ నడిచింది అని నవ్వబోయి, కుట్లు లాగడంతో మానుకుంది.

ఒంటికి చెరోపక్క ఒక గొట్టం, గొట్టం కొసన నెత్తుటినీరు చేరే చిన్న డబ్బా, ఛాతీ చుట్టూ బిగుతు కట్టు. చేతులు భుజాలు దాటి లేపకూడదు. వెల్లకిలా, దిండ్లకు చేరగిలబడి నిద్ర. తల మీదుగా వేసుకునే బట్టలేవీ పనికిరావు కాబట్టి ప్రొఫెసర్ చొక్కాలే గతి. అవి వేదిక మీద తొడుక్కున్న చొక్కాలు, చేతుల్లో దొంగజేబులున్నాయి. ఒకరోజు జేబులోంచి ఎర్ర రుమాలు కొస కనబడి లాగితే, దానికి పచ్చది, దానికి నీలం, ఇలా మంచం నిండా రుమాళ్ళు. ఆ రోజు కుట్లు లాగినా నవ్వు ఆపుకోలేకపోయింది.

వంట ఆయనే. ఉప్పు వేయడం మర్చిపోయేవాడు, లేదా రెండుసార్లు వేసేవాడు. గొట్టాలు తీసేశాక కూతురు వచ్చి గోడ ముందు నిలబెట్టి, వేళ్ళను గోడ మీద పైకి పాకించమని డ్రిల్లు చేయించేది. ఎక్కడిదాకా పాకాయో పెన్సిలుతో గీత పెట్టేది. గీతలు రోజూ పైకి పోలేదు. కొన్నాళ్ళు దిగజారాయి కూడా.

అన్నీ చేయనిచ్చింది కానీ, కట్టు విప్పాక ఒంటిని మాత్రం ప్రొఫెసర్‌కు చూపించలేదు. స్నానాలగదిలో అద్దం మీద తువాలు కప్పి, గడియ వేసుకుని, చొక్కా బొత్తాలు తనే కిందామీదా పడి పెట్టుకునేది. తనూ కిందికి చూసుకునేది కాదు. మొదటిరోజు ఆయన తలుపవతల నిలబడి, అయిందా, రానా అని అడిగాడు. ఆమె చెయ్యి దానంతటదే తలుపును రెండుసార్లు తట్టింది.

కాసేపటికి అవతల స్టూలు లాక్కున్న శబ్దం. ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ అదే తంతు. ఆమె రెండుసార్లు తట్టడం, ఆయన స్టూలు మీద ఆగడం. పాపం, రంపం పదును చూసుకోవడానికి కూడా ఏమీ లేదు చేతిలో.

వారాలు గడిచాయి. ఒక ఉదయం తలుపవతల నుంచి, అడక్కుండానే ఆయన మాట్లాడాడు.

"ఆ పెద్ద పెట్టె చేస్తున్నన్నాళ్ళూ ఏడుస్తూనే చేశాను. నాకు చిన్న పెట్టే ఇష్టం. అందులో పట్టే నువ్వే ఇష్టం. అప్పుడే చెప్పాల్సింది. పెట్టెలో ఏముందని అడక్కూడదు కదా మన పనిలో. ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది."

ఆమె లోపల నిలబడే వింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన మాట, ఇంత ఆలస్యంగా, తలుపు సందులోంచి. కోపం వచ్చింది. ఆ వెంటనే ఇద్దరి మీదా జాలేసింది. వేదిక మీద ఒక్క తట్టు తేడా రానివ్వని ఇద్దరు మనుషులు, వంటింట్లో ఒక్క మాట అడగలేక ఇన్నేళ్ళు గడిపేశారు.

అద్దం మీది తువాలు తీసింది. చూసుకుంది. రెండు ఎర్రటి గీతలు, వాటి పైన వదులు చర్మం, ఎడమవైపు చిన్న సొట్ట. పాత ఒళ్ళు తిరిగి రాలేదు, కొత్తదీ కాదు. మనవరాలు హత్తుకుంటే నొప్పి లేనిది, అంతే. చాలాసేపు చూసి, చొక్కా తొడుక్కోకుండానే గడియ తీసింది. తలుపు మీద ఒకసారి తట్టింది.

స్టూలు కదిలింది. తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ పాత అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె తన ఎడమచేతిని నెమ్మదిగా భుజందాకా లేపి, ఆ చెయ్యి పట్టుకుంది. మునుపు మూత తీసినప్పుడల్లా ఆయన జనం వంక చూసేవాడు. ఈసారి ఆమెను చూశాడు.