గంగాధర్ పేరు మార్చిన రోజు

జగిత్యాలలో నా పోస్టింగ్ మూడేళ్ల కిందట, వానాకాలం మొదట్లో. హోదా ఫీల్డ్ సపోర్ట్, గ్రేడ్ టూ. గ్రేడ్ వన్ వాళ్లు ఫోన్లో సమాధానం చెబుతారు, గ్రేడ్ త్రీ వాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని సర్వర్ చూసుకుంటారు, మధ్యలో బస్సెక్కేది మేము. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, ఆ యాప్ లేదు. ముప్పై నిండకుండానే "నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు" అని మొదలుపెడితే ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

మాది బట్టల ఆర్డర్ల కోసం చేసిన చాట్ యాప్. కోరుట్ల, జగిత్యాల దుకాణాల వాళ్లు, సిరిసిల్ల కార్ఖానాల వాళ్లు ఒకే గ్రూపులో ఉంటారు. ఎన్ని మీటర్లు కావాలి, ఎన్ని అయ్యాయి, బండి ఎక్కడిదాకా వచ్చింది, ఇవే మాటలు. లింకు ఉంటే ఎవరైనా చేరొచ్చు. మొదటిసారి టైప్ చేసిన పేరే తర్వాత కూడా కనిపిస్తుంది, ఏమీ టైప్ చెయ్యకపోతే ఉత్త నంబరే. ఆ పేరును అడ్మిన్లమైన మేం తప్ప ఎవరూ మార్చలేరు. అది మా డిజైన్ లోపమని ఇప్పుడు తెలుసు.

టికెట్ కోరుట్ల నుంచి వచ్చింది. ఫిర్యాదును మేం టికెట్ అంటాం. తప్పు పేరు టికెట్‌ను రెండు రోజుల్లో మూసెయ్యాలి. లంగాల బట్ట అమ్మే దుకాణదారు నన్ను చూడగానే అందుకున్నాడు.

"గంగాధర్ అని పేరు చూపెడ్తది. ఫోన్ చేస్తె ఆడిమనిషి ఎత్తుతది. నా సరుకు ఎవలు పంపుతున్నరో నాకు తెల్వద్దా? మీ యాప్‌ల దయ్యాలు టైపు చేస్తయా మేడం?"

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆయన మీద రాలేదు, ఆ గంగాధర్ ఎవరో వాడి మీద వచ్చింది. సిరిసిల్ల బస్సులో కూర్చుని గ్రూపు సభ్యుల జాబితా తిప్పాను. అందులో పేరు లేని నంబర్ ఒకటుంది. ఏడాదిగా ఒక్క ముక్క రాయలేదు. అలాంటి వాళ్లను తీసెయ్యడం కూడా నా పనే. తర్వాత చూద్దామని వదిలేశాను.

కార్ఖానాలో అడుగు పెడితే మన మాట మనకే వినపడదు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఒక్కొక్కరు నాలుగు నడుపుతారు, ఆ నాలుగింటినీ నడిపే మనిషి పేరుతోనే పిలుస్తారు. ఫోను గోడకు మేకుకు తగిలించిన సంచిలో ఉంటుంది. అది కార్ఖానా ఫోను. దాన్ని బయటికి తీసి, దారప్పోగులు అంటిన చేతులతో ఒకామె మీటర్లు టైప్ చేస్తోంది. స్క్రీన్ మీద పేరు గంగాధర్.

"గంగాధర్ ఎవరు?" అని అరిచాను.

సాంచాల యజమాని రాజయ్య వచ్చాడు. అక్కడ యజమానిని ఆసామి అంటారు. "ఆమె పెనిమిటి బిడ్డా. ఫోన్ల పేరు ఎక్కిచ్చింది ఆయినే. అప్పట్ల ఆర్డర్లు లేక సాంచాలు బందైనయ్, బొంబాయి దిక్కు భీవండి పోయిండు. మొదాల ఫోన్ చేసెటోడు. ఇప్పుడు నంబరే బందు. సాంచాలు మల్ల మొదలైనంక ఈమెనే నడుపుతది."

"మరి పేరు మార్చమని మాకు చెప్పొచ్చుగా?"

"ఏం మార్చుడు? గవి గంగాధర్ సాంచాలే గద!"

ఆమె పేరు సుజాత. నన్ను తలుపు దగ్గరికి, చప్పుడు తక్కువున్న చోటికి తీసుకెళ్లింది. "చెల్లె, ఆ పేరు ముట్టకు. పేరు ఉన్నన్ని దినాలు ఆ నాలుగు వేరేటోళ్లకు ఇయ్యనన్నడు రాజయ్య మామ. రేపు ఆయిన అచ్చి నా సాంచాలేయి అంటె నేనేం జెప్పాలె?"

"అక్కా, రూల్ అంటే రూల్. రాసేది మీరు, మీ పేరే ఉండాలి" అన్నాను. నా ఫోన్లో అడ్మిన్ పేజీ తెరిచే ఉంది. ఆమె ఇంకేదో చెబుతుండగానే నొక్కేశాను. టికెట్ మూసే తొందర, అంతే. పేరు మారిస్తే యాప్ గ్రూపులో అందరికీ ఒక సమాచారం పంపుతుంది. వెళ్లింది: గంగాధర్ పేరు ఇకపై సుజాత.

ఆమె నన్ను తిట్టలేదు. ఫోను సంచిలో పెట్టేసి సాంచాల దగ్గరికి వెళ్లిపోయింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. తలుపు దగ్గరే నిలబడి టికెట్ మూశాను.

నాలుగైదు నిమిషాలకు నా చేతిలో ఫోను మోగింది. గ్రూపులో కొత్త మాట. ఏడాదిగా పలకని ఆ పేరు లేని నంబర్ నుంచి.

"నా పేరెందుకు తీసిన్రు?"

పరుగెత్తి చూపించాను. సుజాత చదివింది. మళ్లీ చదివింది. దారం తెగి ఒక సాంచె ఆగిపోయినా చూసుకోలేదు.

"ఇన్ని దినాలు మందిల కూసోని చూస్తుండా దొంగ!" అన్నాడు రాజయ్య.

"రోజు చూస్తుండు" అంది సుజాత. అడిగినట్టు కాదు, లెక్క తేలినట్టు.

పాత పేరు తిరిగి పెట్టేస్తాను, నిమిషం పని అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు చెల్లె. ఉన్నన్ని దినాలు సప్పుడు చెయ్యలే. తీస్తెనె నోరు లేసింది. గట్లనే ఉండనీ." తర్వాత రాజయ్య వైపు చూసింది. ఆయన చెయ్యి విదిలించాడు. "నీ పేరు మీద ఉన్నా గవి ఎటు పోతయ్ పోరి? నడుపు."

సంచిలోంచి ఫోను తీసి తన పేరుతో మొదటి మాట రాసింది: "నాలుగు నడుస్తున్నయ్." అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. నా జగిత్యాల బస్సు టైం అయ్యేదాకా నిలబడ్డాను. ఏమీ రాలేదు.

ఆ నంబర్‌ను జాబితాలోంచి తీసెయ్యలేదు. ఉద్యోగంలో నేను తెలిసి తప్పిన నియమం అదొక్కటే. యాప్ మూతపడేదాకా అప్పుడప్పుడు ఆ గ్రూపు తెరిచేదాన్ని. సుజాత మీటర్లు రాసేది. ప్రతి మాట కింద చూపించే చూసినవాళ్ల లిస్టులో ఆ నంబర్ రోజూ ఉండేది. యాప్ పోయాక వాళ్లిద్దరూ ఎక్కడ చూసుకుంటున్నారో నాకు తెలియదు. ఇప్పటికీ ఫోను చేతిలో ఉంటే వేలు ఆ యాప్ గుర్తు ఉండిన చోటికే వెళుతుంది.

నేర్చుకున్నది ఇంతే. తప్పు పేరని టికెట్ వస్తే, ఆ పేరుతో ఎవరు రాస్తున్నారో కనుక్కోవడం సగం పని. ఎవరు చదువుతున్నారో కూడా కనుక్కోవాలి. మా టికెట్ ఫారంలో ఆ రెండో ప్రశ్నకు గడి ఉండేది కాదు.