లోపలి అంచు అరిగిన టైరు

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన బతుకంతా కార్ల కిందే గడిచింది. షెడ్డులో అందరూ "మట్టం మేస్త్రి" అని పిలిచేవారు. కారు గేటు దాటి లోపలికి వస్తూండగానే, చేతిలో టీ గ్లాసైనా కింద పెట్టకుండా, "ఎడమ వెనక స్ప్రింగు కుంగింది, అరంగుళం" అనేవాడు. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా అరంగుళమే తేలేది. షెడ్డు యజమాని దీన్ని కొత్తగా వచ్చినవాళ్ళకి గారడీలా చూపించి మురిసిపోయేవాడు. మేస్త్రికి మాత్రం అందులో వింతేమీ తోచేది కాదు. "వంకర కనిపిస్తే నాకు పళ్ళు జివ్వుమంటాయి. అంతే" అనేవాడు.

ఒక్కతే కూతురు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. పింగాణీ పొడిని తడిపి, చీమ కాలంత కుంచెతో పొర మీద పొర వేసి, పక్క పన్నుతో కలిసిపోయే పన్నును చేసేది. "మా నాన్న అంగుళాల్లో చూస్తాడు, నేను వెంట్రుకల్లో చూస్తాను" అని వేళాకోళమాడేది. అల్లుడికి కళ్ళజోళ్ళ దుకాణం. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన ఆరేళ్ళలో మామగారిని ఇది కావాలని ఒక్కసారి కూడా అడిగి ఎరగడు. అతనికున్న పిచ్చల్లా ఒక్కటే, రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. తుక్కుకి పోవలసినదాన్ని తెచ్చి, సెలవు రోజులన్నీ దానికే ధారపోసి, ఎర్రరంగు వేయించి, మనిషిని చేశాడు.

ఒక శనివారం ఆ కారుని షెడ్డుకి తెచ్చాడు.

"మామయ్యా, దీన్ని రెండంగుళాలు కిందికి దించాలి."

"ఇంకా కిందికా? ఇప్పటికే దీంట్లోకి ఎక్కట్లేదు బాబూ, దొర్లుతున్నాం."

అల్లుడు నవ్వాడు. "మలుపుల్లో ఒరిగిపోతోంది మామయ్యా. దింపితే నేలకి అతుక్కుని పోతుందంటున్నారు."

అన్నది అబద్ధం కాదు. బరువు కిందికి దిగితే మలుపులో బండి ఒళ్ళు ఊగదు. కానీ చక్రం పైకీ కిందికీ ఆడేందుకు ఉన్న చోటు తరిగిపోతుంది. స్ప్రింగు మింగాల్సిన దెబ్బ, చోటు చాలక పైనున్న రబ్బరు దిమ్మకి పోయి తగులుతుంది. అప్పుడు టైరు ఒక్క క్షణం నేలని వదిలేస్తుంది. మరో చిక్కు కూడా ఉంది. ఈ మోడల్లో దించిన కొద్దీ వెనక చక్రాల తలలు లోపలికి వాలతాయి. అలా వాలిన టైరు లోపలి అంచు మీదే నడుస్తుంది. బయటి అంచు కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తూనే ఉంటుంది, లోపలిది ఎవరికీ కనపడకుండా అరిగిపోతూ ఉంటుంది. చక్రాల్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టాలంటే పొడవు సర్దుకునే కడ్డీలు వేయాలి. అవి తెప్పించడానికి ఆరు వారాలు పడుతుంది.

మేస్త్రి ఇదంతా విడమరిచి చెప్పాడు. అల్లుడు బుద్ధిగా విని, డిక్కీలోంచి కొత్త టైర్లు తీశాడు. వెడల్పాటివి. పందేల ట్రాక్ మీద కార్లు తోలే స్నేహితుడెవరో ఇప్పించాడట. మేస్త్రి వాటి మీద గోరు నొక్కాడు. గోరు దిగింది.

"మెత్తటి రబ్బరు. వేడెక్కితే బంకలా పట్టుకుంటుంది, కాదనను. చల్లగా ఉంటే మొండికేస్తుంది. వాన పడితే మరీ కష్టం. నీళ్ళు బయటికి పోవడానికి గాడులేవి బాబూ? ఇవి ఉన్నాయంటే ఉన్నాయి."

"వానలో బయటికి తియ్యను మామయ్యా."

"కడ్డీలు వచ్చాకే దింపుదాం మరి."

"రేపు ఆదివారం మావాళ్ళంతా కార్లు తెస్తున్నారు." అల్లుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "కడ్డీలు రాగానే తెస్తాను. అప్పుడు బిగించండి."

వేరే ఎవరైనా అయితే గేటు చూపించేవాడు. కానీ అల్లుడాయె, అందులోనూ ఎన్నడూ నోరు తెరిచి అడగనివాడు. మొహమాటం మనిషిని నిలువునా ముంచుతుంది. సరేనన్నాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. ఇద్దరూ ఊరి చివర వంకర రోడ్డు మీదికి వెళ్ళారు. ఎండకి రోడ్డు వెచ్చగా ఉంది. మొదటి మలుపులో మేస్త్రి అలవాటుగా తలుపు పిడి పట్టుకున్నాడు. పట్టుకోవలసిన అవసరమే రాలేదు. కారు ఒరగలేదు. స్టీరింగు ఎటు తిప్పితే అటు, చెప్పిన మాట వినే పిల్లలా, కోసినట్టు తిరిగింది. నాలుగో మలుపుకి ఆయన పిడి వదిలేసి, "ఇంకొంచెం" అన్నాడు. తిరిగొచ్చాక కారు పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఆయన్ని కాల్చుకు తిన్నది ఆ "ఇంకొంచెం" అన్న మాటే.

ఆరు వారాలకి కడ్డీలు వచ్చాయి. మేస్త్రి రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి "వచ్చే వారం" అన్నాడు అల్లుడు. రెండోసారి దుకాణంలో రద్దీగా ఉందని పెట్టేశాడు. మూడోసారి చెయ్యబోతే మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. 'బండి అతనిది, అవసరం అతనిది. నేను బతిమాలాలా?' అనుకున్నాడు. కడ్డీల పెట్టె విప్పకుండానే షెడ్డు అటక మీదికి చేరింది. ఆ తర్వాత అయిదు నెలలు గడిచాయి.

ఒక రోజు పొద్దున పదింటికి సన్నగా తుంపర పడుతోంది. కూతురి కారు సర్వీసుకి పోయింది. ల్యాబులో ఎవరికో అర్జెంటుగా ముందుపళ్ళు ఇవ్వాలి. "నా కారు తీసుకెళ్ళు, మెల్లగా పో" అన్నాడు అల్లుడు. మెల్లగానే వెళ్ళింది. వంతెన దిగే వంపులో సిమెంటు పలకలు కలిసే చోట చిన్న ఎత్తు ఉంటుంది. కారు వెనక భాగం దాని మీద టంగుమని మోగింది. మరుక్షణం తోక పక్కకి తిరిగింది. కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగి పిట్టగోడని కొట్టింది. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ, కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు.

ఆసుపత్రి గదిలో వియ్యపురాలు మంచం పక్కనే కూర్చుంది. పాపం, ఏడ్చి ఏడ్చి ఉంది. అయినా నోరు ఊరుకోలేదు. "ఏం అన్నయ్యగారూ, అలాంటి బండిని అంత జోరుగా తోలడమెందుకు? ఆడపిల్ల చేతికిచ్చే బండేనా అది?"

"జోరుగా వెళ్ళలేదు అత్తయ్యా. నలభై అయిదు" అంది కూతురు.

"తడి రోడ్డు కదా, భయంతో బ్రేకు గట్టిగా తొక్కి ఉంటావు" అన్నాడు అల్లుడు. ఆ మాట మెల్లగానే అన్నాడు, తప్పుపడుతున్నట్టు కూడా అనలేదు. కానీ మేస్త్రి కూతురి మొహం చూశాడు. ఆమె తన బ్రేకు కాలిని దుప్పటి కింద కదిపి చూసుకుంటోంది.

మర్నాడు నుజ్జయిన కారుని షెడ్డుకి లాక్కొచ్చారు. మేస్త్రి దాన్ని లిఫ్టు మీదికెక్కించి కిందికి దూరాడు. వెనక టైర్ల లోపలి అంచుని చేత్తో తడిమాడు. బయటివైపు ఉన్న ఆ కాస్త గాడులూ చక్కగా ఉన్నాయి. లోపలివైపు నాలుగు వేళ్ళ వెడల్పున రబ్బరు నున్నగా గుండులా అయింది. ఒకచోట తీగలు బయటపడి వేలికి గుచ్చుకున్నాయి. పైన రబ్బరు దిమ్మ చితికి ఉంది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఆ వంపులో ఆ ఎత్తు మీద ఆ టైరు రోడ్డుని పట్టుకుని ఉండేది కాదు. ఆయన చాలాసేపు కిందే నిలబడిపోయాడు. అటక ఆయనకి ఎదురుగానే ఉంది. అటు చూడలేకపోయాడు.

ఆ సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా కారు మాటెత్తితే చాలు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. రేపు చెబుతాను, కట్టు విప్పాక చెబుతాను, అల్లుడు ఒంటరిగా దొరికినప్పుడు చెబుతాను. ఇలా ఎనిమిది రోజులు గడిచాయి. కూతుర్ని ఇంటికి తెచ్చారు. పుట్టింట్లోనే ఉంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం తండ్రి పక్కన కూర్చుని తనే అంది:

"తొక్కే ఉంటాను నాన్నా."

"ఏంటమ్మా?"

"బ్రేకు. ముందు గుర్తులేదనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తుంటే తొక్కినట్టే అనిపిస్తోంది. ఇంక నేను ఏ బండీ ముట్టుకోను. నాకు చేతకాదు."

ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళప్పుడు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఆయన లేచాడు. చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్ళాడు. వెనక టైరు ఒకటి ఊడదీసి, పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. రెండంతస్తులు మోసేసరికి ఆయాసం ఎగదన్నింది. అల్లుడూ వియ్యపురాలూ పలకరించడానికి వచ్చి ముందు గదిలో ఉన్నారు.

"ఇదేంటండీ, ఇంట్లోకి టైరేంటి!" అంది భార్య, గబగబా నేల మీద పాత పేపర్లు పరుస్తూ.

మేస్త్రి టైరుని గది మధ్యలో పడుకోబెట్టి, లోపలివైపు పైకి తిప్పాడు. "అమ్మా, ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు. ఇక్కడ తడుము. ఇప్పుడు ఈ వైపు. తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"నువ్వు బ్రేకు తొక్కలేదు. తొక్కినా ఇది జరిగేది, తొక్కకపోయినా జరిగేది. నువ్వు కాదు, నీ డ్రైవింగూ కాదు. చక్రాలు వాలిపోతాయని తెలిసీ దించాను. కడ్డీలు లేకుండా బండిని బయటికి పంపాను. అవి వచ్చాక పట్టుబట్టి పిలిపించలేదు. రోషానికి పోయాను."

అల్లుడి మొహం పాలిపోయింది. "అంటే... మీరు ఫోన్ చేసినప్పుడు నేను వచ్చుంటే..."

"మీది తర్వాత బాబూ. ముందు నాది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది నేను."

వియ్యపురాలు ఏదో అనబోయి, కోడలి వైపు చూసి నోరు మూసుకుంది. కూతురు టైరు మీంచి చెయ్యి తీయలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కారు తెచ్చిన రోజే."

"అంటే మర్నాడే." ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు ఆగింది. "వారం రోజులు. నేను ఇక్కడ కూర్చుని నా కాలునే అనుమానిస్తుంటే, నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"అవును తల్లీ."

ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడే అత్తవారింటికి వెళ్ళిపోయింది. రెండు నెలలు దాటినా తండ్రితో మాట్లాడలేదు. తల్లి ఫోన్ చేస్తే మాట్లాడేది, "నాన్న పక్కనే ఉన్నాడే" అంటే పని ఉందని పెట్టేసేది. "టైరు సంగతి ఎప్పుడో మర్చిపోతుందండీ, మీరు దాచిన సంగతి మర్చిపోవడమే కష్టం" అంది భార్య. ఆమె అన్నది నిజమని ఆయనకీ తెలుసు.

షెడ్డులో ఆయన ఒక పట్టు పట్టాడు. కడ్డీలూ, కొలతలూ, టైర్లూ అన్నీ చేతికొస్తే తప్ప ఏ కారునీ దించనన్నాడు. యజమాని గొణిగాడు. ఇద్దరు ముగ్గురు వేరే షెడ్డుకి పోయారు. పోనీ అన్నాడు.

మేస్త్రి ఊహించని విధంగా నడుచుకున్నది అల్లుడు. ఒక ఆదివారం పాత బట్టలు వేసుకుని షెడ్డుకి వచ్చి, "నాకు అంతా చూపించండి మామయ్యా, మొదట్నించీ" అన్నాడు. ఆ రోజంతా ఇద్దరూ లిఫ్టు కింద నిలబడి, చితికిన దిమ్మనీ వాలిన చక్రాన్నీ ఒక్కొక్కటే తాకి చూశారు. కారుని బాగుచేయించే మాట అతను ఎత్తలేదు. పనికొచ్చే భాగాలు విప్పి ఎవరికో ఇచ్చేశాడు. మిగిలిన ఎర్రటి డొల్లని తుక్కు లారీ ఎత్తుకుపోతుంటే గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

కూతురు మళ్ళీ ల్యాబుకి వెళ్ళసాగింది. మణికట్టు పూర్తిగా తిరగదు. సన్న కుంచె పట్టుకుంటే పావుగంటకే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట. ముందుపళ్ళు వేరే అమ్మాయికి ఇచ్చి, ఈమెకి దవడపళ్ళు ఇస్తున్నారు. ఈ సంగతి భార్య నోట విన్న రోజు మేస్త్రి ముద్ద ముట్టలేదు.

మూడో నెలలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆమె షెడ్డు గేటు దగ్గర ఆటో దిగింది.

"నీ కారు ఉందా?"

"ఉంది."

"ఆ వంతెన మీదికి తీసుకెళ్ళు. నలభై అయిదులో."

మేస్త్రి తాళాలు తీసుకున్నాడు. అది మామూలు చిన్న కారు. ఎత్తుగా, సన్నటి టైర్లతో, మలుపులో ముసలావిడలా మూలుగుతూ ఒరుగుతుంది. వంతెన దిగే వంపు వచ్చింది. తుంపర పడుతోంది. ముల్లు నలభై అయిదు దగ్గర నిలిపాడు. పలకలు కలిసే చోట చక్రాలు టక్కుమని ఎక్కి దిగాయి. కారు ఒకసారి ఊగి, సర్దుకుని, ముందుకి పోయింది.

"అంతేనా?" అంది.

"అంతే."

కాసేపు అద్దం మీద వైపర్ ఆడుతూంటే చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. "పక్కకి ఆపు. నేను తోల్తాను."

"చెయ్యి..."

"ఆపు నాన్నా."

సీట్లు మారారు. ఆమె మెల్లగా వెనక్కి తిప్పుకుని, చుట్టూ తిరిగి మళ్ళీ వంతెన ఎక్కింది. వంపు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి కుడికాలు తనకి తెలియకుండానే ముందు రేకుకి తన్నిపట్టుకుంది.

"అటువైపు బ్రేకు లేదు నాన్నా" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. తర్వాత, "నా కోపం పోయిందనుకోకు" అంది.

"అనుకోనమ్మా."

ఆయన కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. వంపు దాటాక ఆమె ఇంటి వైపు తిరగలేదు. ల్యాబుకి వెళ్ళే రోడ్డు పట్టింది.