చేతికర్ర

లాండ్రీ పిన్ని నోట్లో పడ్డాక ఆ వీధిలో ఏ సంగతీ దాగదు. ఈసారి ఆవిడ నోట్లో పడింది మిలిటరీ ఆయన కాలు.

"ఇక్కడ కుంటుతాడా, సందు మలుపు తిరగ్గానే కర్ర చంకలో పెట్టుకుని చకచకా పోతాడు. మొన్న సోఫాల షెడ్డులో ఇంతలావు సోఫాని ఒక్కడే భుజానికెత్తి వ్యాన్లో పెట్టాడట! మా మరిది కళ్లారా చూశాడు. అటు పూర్తి వైకల్యం పింఛను, ఇటు జీతం. ఎవరో ఒకరు ఆఫీసులో చెప్పకపోతారా?"

దుప్పట్లకోసం వచ్చిన ఆయన భార్య గుమ్మం బయటే ఆగిపోయింది. అవి అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, పడిందో లేదో మళ్లీ తడిమి చూసుకుంది. పిన్ని చూసి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆమెను వణికించింది అదే.

ఆయన కాళ్లకు ఏమీ కాలేదు. సైన్యంలో ఉండగా పక్కనే జరిగిన పేలుడులో ఒక చెవి పోయింది, తల దెబ్బతింది. గిన్నె జారిపడితే మంచం కింద దూరతాడు. పొద్దున విన్నది సాయంత్రానికి గుర్తుండదు. ఇవేవీ బయటికి కనపడవు. "మనిషి దుక్కలా ఉన్నాడు, వైకల్యం ఎక్కడుందమ్మా?" అని అందరూ అడుగుతుంటే, చెప్పలేక ప్రాణం విసిగి, ఆమే బజారునుంచి చేతికర్ర కొనుక్కొచ్చింది.

"వీధిలో కాస్త కుంటండి. నాకీ జవాబులు చెప్పే బాధ తప్పుతుంది."

ఆయన సరేనన్నాడు. ఏ కాలితో కుంటాలో మాత్రం రోజూ అడిగేవాడు.

తర్వాత సోఫాల మేస్త్రీ ఆయన్ని పనిలోకి పిలిచాడు. చిరిగిన రెక్సిన్ ఊడదీయడం, స్ప్రింగులు కట్టడం, పట్టీలు లాగి మేకులు కొట్టడం. సుత్తి తన చేతిలోనే ఉంటే ఆ చప్పుడికి ఆయన బెదరడు. పెదాల మధ్య మేకులు పెట్టుకుని వంగి కూచుంటే, అచ్చం పెళ్లినాటి మనిషిలా ఉంటాడు.

"పింఛను తీసుకుంటూ పని చెయ్యొచ్చా?" అని ఆమె మొదట్లోనే అడిగింది.

"అడిగాను. చెయ్యొచ్చన్నారు."

"ఎవరన్నారు?"

ఆయన చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. "గుర్తులేదే."

ఆ మాట ఎలా నమ్మడం? వెళ్లి అడుగుదామంటే కర్ర సంగతి బయటపడుతుంది. పింఛను ఆగితే మందులు ఆగిపోతాయి. మందులు లేని వారం ఆయన ఎలా ఉంటాడో ఆమె ఒకసారి చూసింది. మరోసారి చూసే ఓపిక ఆమెకు లేదు.

అందుకే పిన్ని మాట విన్న మర్నాటినుంచి, ఆయన చొక్కా వేసుకుంటుంటే, "ఇవాళ షెడ్డుకి సెలవు" అనడం మొదలుపెట్టింది. నిన్న కూడా అదే చెప్పిందని ఆయనకు గుర్తుండదు. బుద్ధిగా చొక్కా విప్పేసి, కిటికీ దగ్గర కూచుని, ఖాళీ చేతులు మోకాళ్లమీద ఆడిస్తాడు. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, ఆమె లేచి వెళ్లి గడియ తడిమి చూసేది.

ఒక మధ్యాహ్నం ఆ చెప్పులు వాళ్ల గుమ్మం ముందే ఆగాయి.

"పింఛను ఆఫీసునుంచి వచ్చానమ్మా. ఆయనమీద ఫిర్యాదు వచ్చింది."

ఆమె తలుపు రెక్క పట్టుకునే నిలబడింది. కూచోమనడం కూడా మర్చిపోయింది. లోపలినుంచి ఆయన కర్ర పట్టుకుని ఎడమకాలు ఈడుస్తూ వచ్చి, నమస్కారం పెట్టాడు. కుర్చీ తేవడానికి వెళ్లి, కుడికాలు ఈడుస్తూ తిరిగొచ్చాడు.

వచ్చినతను ఆ రెండు కాళ్లనూ మార్చి మార్చి చూశాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఆయన్నేమీ అనకండి బాబూ! ఆ కర్ర నేను కొన్నదే. కుంటమన్నదీ నేనే. కాలికేమీ లేదు. పింఛను మాత్రం ఆపకండి, మీ కాళ్లు పట్టుకుంటాను..."

"అయ్యో, లేవండమ్మా. కాలికని ఎవరిచ్చారు? ఈయన పింఛను చెవికీ, తలకీ."

"మరి... షెడ్డులో పని?"

"నిక్షేపంగా చేసుకోవచ్చు. అసలు ఏ పనీ చెయ్యలేరని ఇచ్చే పింఛను వేరే ఉంది. అది తీసుకుంటూ పనికెళితే ఆపేస్తాం. ఈయనది గాయానికిచ్చేది. ఫిర్యాదు వచ్చింది కాబట్టి రావాలి, వచ్చాను."

ఆయన అతని ముఖంలోకి తేరిపార చూస్తున్నాడు. "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"చూడకేం సార్! మా ఆఫీసులో మీరు తెలియనివాళ్లు లేరు" అని అతను నవ్వి, ఆమె వైపు తిరిగాడు. "మీకు చెప్పలేదా అమ్మా?"

చెప్పాడు. ఆమే నమ్మలేదు. ఆమె గోడకు చేరబడి, మూలనున్న ఆయన పని చొక్కా వైపు చూసింది.

షెడ్డులో మొదటి మేకు కొట్టకముందే ఆయన ఆఫీసుకెళ్లి, పని చెయ్యొచ్చా అని అడిగాడు. ఏం చెప్పారో మర్చిపోయినప్పుడల్లా మళ్లీ వెళ్లి అడిగాడు.