కెమెరాకు బొట్టు

మా పై వాటాలో ఉండే జువాలజీ మేడమ్‌గారు కిందటి వారం కన్నుమూశారు. గుండె జబ్బు ఉన్న సంగతి మాకు తెలిసిందే. బీరువా సర్దుతూ వాళ్ల చెల్లెలు ఒక పోపులపెట్టె తెచ్చి, "ఇది మీదేనాండీ?" అని అడిగారు. నాదే. గిన్నెల్లో ఆవాలకు బదులు కెమెరా కార్డులున్నాయి.

రిటైరయ్యాక ఆవిడ అనుమతి తీసుకుని కొండపల్లి అడవిలో చెట్లకు కెమెరాలు కట్టేవారు. ఎదురుగా ఏదైనా కదిలితే అవే ఫొటో తీస్తాయి. చచ్చిన జంతువుల్ని ఏవేవి తింటాయో చూడాలని ఆవిడ కోరిక. మోకాళ్ల నొప్పులు కదా, తోడుకు నన్ను పిలిచారు. కార్డులు కలిసిపోతుంటే చూడలేక నేనే ఆ పెట్టె ఇచ్చాను. ఒక్కో కెమెరాకు ఒక్కో గిన్నె. తెచ్చుకున్న పులిహోర మాత్రం అడవి దాటాకే తిననిచ్చేవారు. "వాసన మిగులుతుంది. మనం రానట్టే ఉండాలండీ" అనేవారు. కెమెరాలో మేం పడితే ఆ ఫొటోలూ తీసేయించేవారు.

ఒకసారి మేకలు కాసే అతను ఎదురయ్యాడు. రెండు మేకపిల్లలు కనబడటం లేదట. జబ్బుచేసి చచ్చిన మేక ఒకటి దారి పక్కన పడి ఉంది.

"దీనికి పొలంలో పురుగులకేసే గుళికల మందు పట్టిస్తానండి. నక్కల పీడ వదిలిపోద్ది."

"ముందు ఎవరు తింటున్నారో చూద్దాం. రెండ్రోజులు ఆగు బాబూ."

"నక్కలు కాక మా బావమరిది తింటాడాండీ?"

మేడమ్‌గారు నవ్వలేదు. "ఆగుతావా?" అని మళ్లీ అడిగారు. ఆగాడు.

మేకకు ఎదురుగా ఉన్న చెట్టుకు ఒక కెమెరా కట్టి, మూడో రోజు అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, ఫొటోల్లో కాకులు, ముంగిస, ఉడుము, నక్క కనిపించాయి. ఆ తర్వాత, మెడలో ఎర్రతాడుతో ఒక కుక్క. మేక కాలు కరచుకుని నేరుగా కెమెరాలోకి చూస్తోంది.

"మా టైగర్‌గాడండీ!"

అతను చప్పున పక్కకు తిరిగాడు. "ఇంట్లో పెట్టేది చాల్లేదంట్రా నీకు?" అని పక్కనున్న కుక్కను తిట్టి, దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు. లేచేటప్పుడు గుళికల పొట్లం మేడమ్‌గారి చేతిలో పెట్టాడు.

"కుక్క కోసం మానాడు గానీ, నక్కమీద కోపం పోలేదు చూశారా?" అన్నాను బస్సులో.

"ఉండనివ్వండి. మందు పెట్టడుగా."

దసరాకు అతను కొమ్మలు కొట్టే కత్తితోపాటు మా కెమెరాకూ పూజ చేశాడు. పసుపు రాసి, కుంకుమబొట్టు సరిగ్గా లెన్సు మధ్యలో పెట్టాడు. ఆ వారం ఫొటోలన్నీ పాడయ్యాయి. నేను విసుక్కుంటే, "ఈ కార్డులో ఏదీ తీసెయ్యకండి" అన్నారు మేడమ్‌గారు.

ఆ కార్డు ఇప్పుడు పోపులపెట్టె మధ్య గిన్నెలో దొరికింది. నిన్న కంప్యూటర్లో పెట్టి చూశాను. అన్నిటా నడుమ ఎర్రటి మసక, అంచుల్లో ఎక్కడో ఒక తోక, రెండు కాళ్లు. చివరి ఫొటోలో ఆ మసక పక్కన మేడమ్‌గారి సగం ముఖం ఉంది. కొంగు కొస వేలికి చుట్టుకుని, లెన్సు తుడవడానికి వంగి నవ్వుతున్నారు.