పక్క మంచం వ్యాపారి, ఇత్తడి స్కేలు

తిరువూరు బజారులో బేరమాడి నష్టపోయినవాళ్ల పేర్లు ఎవరైనా వరసగా రాస్తే మొదటి పేరు నాదే ఉండాలి, రెండో స్థానం ఇస్తే ఒప్పుకోను. మా గిన్నెల కొట్టుకని, పేర్లు చెక్కే లేజర్ మిషన్ విజయవాడలో పాతది కొంటూ, చెప్పిన ధరలో పద్దెనిమిది వేలు తెగ్గోసిన ఘనుణ్ణి నేను. అమ్మేవాయన చివరికి విసిగిపోయి, అయితే సెట్టింగులున్న కంప్యూటర్ మాత్రం ఇవ్వనన్నాడు. ఏ లోహానికి ఎంత పవరు పెట్టాలి, ఎంత స్పీడు ఉండాలి, ఒక గీత మీద ఎన్నిసార్లు తిరగాలి అన్నవన్నీ ఆయన ఏళ్ల తరబడి కూడబెట్టి అందులో దాచుకున్నాడు. దాచిన పేరు మీద నొక్కితే చాలు, మిషన్ దానంతటదే సర్దుకుంటుంది. ఆ డబ్బా నాకెందుకు లెమ్మని నవ్వుకుంటూ మిషన్ ఒక్కటే ఆటో ఎక్కించాను. వంటమనిషిని వదిలేసి పొయ్యి కొనుక్కొచ్చానని ఇంటికి చేరాక తెలిసింది.

ఇదంతా మొన్న మళ్లీ కదిలింది. మా అన్నయ్య కూతురు నూజివీడులో ఇలాంటి మిషనే పెట్టుకుంది. రాగి చెంబుకి ఏ సెట్టింగు పెట్టాలి బాబాయ్ అని ఫోన్ చేసి అడిగితే, ఆ ఒక్కటీ చెప్పడానికి బదులు నా దగ్గరున్న సెట్టింగుల ఫైలు మొత్తం పంపించేశాను. నిమిషం పట్టలేదు. ఒకప్పుడు అందులో ఒక్క ముక్క బయటపెట్టడానికి నోరు రాని మనిషిని నేను.

కొట్లలో పుట్టి పెరిగిన మా తరంవాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను. సరుకు అడుగున కొన్న ధరని మేం అంకెల్లో రాసేవాళ్లం కాదు. ప్రతి కొట్టుకీ పది అక్షరాల రహస్యం ఒకటి ఉండేది, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొనేవాళ్లకి అది పిచ్చిగీత. గల్లా మీద కూర్చున్నవాడికి బేరంలో ఎంతవరకు దిగవచ్చో చెప్పే గుర్తు. నాన్న నాకు ఆ పది అక్షరాలూ కొట్టు తలుపులు మూసి మరీ నేర్పారు. అమ్మకి చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు. అడగకపోవడమే మర్యాద అనుకునే రోజులవి.

మిషన్ తెచ్చాక ఆరేడు నెలలపాటు స్టీలు గ్లాసులూ ఇత్తడి పళ్లేలూ తగలేసి ఒక్కో లెక్కా పట్టుకున్నాను. పవరు ఎక్కువైతే పల్చటి రేకు వంగిపోయేది, తక్కువైతే పేరు నాలుగుసార్లు తోమేసరికి మాయమయ్యేది. పెళ్లి సరుకు అమ్ముతున్నారా, పాత ఇనుముకి వేస్తున్నారా అని మా ఆవిడ దెప్పేది. కుదిరిన ప్రతి లెక్కనీ, తర్వాత వేరే కొనుక్కున్న కంప్యూటర్లో దాచాను. అయితే స్టీలు, ఇత్తడి అని పేర్లు పెట్టకుండా, వాటికి నంబర్లిచ్చి, ఆ నంబర్లని నాన్న నేర్పిన అక్షరాల్లో రాశాను. ఎదురుకొట్టు మా చిన్నాన్న కొడుకుది. టీ తాగే వంకతో వచ్చి తెర వైపు మెడ సాచేవాడు. వాడికి అంతుపట్టకుండా చేశానని ఎంత మురిసిపోయానో.

ఆ మరుసటేడు నాకు కంటి ఆపరేషన్ అయి విజయవాడ ఆసుపత్రిలో ఉండగా, రెడ్డిగూడెం నుంచి రిటైరైన టీచరమ్మ ఒకావిడ మా కొట్టుకి వచ్చారు. ఆవిడ భర్త లెక్కల మాస్టారు, పోయి అప్పటికి ఏడాది. ఆయన ఉద్యోగమంతా వాడిన అడుగు పొడుగు పల్చటి ఇత్తడి స్కేలూ, ఆయన చేత్తో ‘నిదానంగా గీయి’ అని రాసిన నోటుబుక్కు కాగితమూ తెచ్చారట. ఆ రాతని ఉన్నదున్నట్టుగా స్కేలు వెనక చెక్కాలి. మనవరాలు సోమవారం పొద్దున్న పాలిటెక్నిక్‌లో చేరుతోంది, డ్రాయింగు క్లాసులో తాతయ్య స్కేలుతోనే గీస్తానని కూర్చుంది. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించింది. మిషన్ నడపడం ఆవిడకి వచ్చు. సెట్టింగుల వరస దగ్గరికొచ్చేసరికి ఒక్క పేరూ అర్థం కాక నాకు ఫోన్ చేసింది.

ఇక్కడే నా తెలివి చూడాలి. నా పక్క మంచం ఆయనకి నందిగామలో గిన్నెల కొట్టు ఉంది. ఆయన కంటికీ కట్టు ఉంది గానీ చెవులకి లేదు.

“ఏమండీ, పల్చటి ఇత్తడికి ఏది నొక్కను?”

“కింది నుంచి మూడోది.”

“పేరు చెప్పండి. ఇక్కడన్నీ చీమలు పాకినట్టున్నాయి.”

“పేరెందుకు, మూడోదన్నానుగా!”

“ఒక్కటే స్కేలండీ. పాడైతే ఇంకోటి లేదు. ఆ పేరేదో చెబితే మీ సొమ్మేం పోయింది?”

పక్కాయన దిండు మీద తల ఇటు తిప్పాడు. మూడోదే, కానిచ్చెయ్ అని ఫోన్ పెట్టేశాను.

ఆసుపత్రికి బయల్దేరే ముందు రోజు వరస చివర ఒక కొత్త సెట్టింగు చేర్చిన సంగతి నాకు గుర్తు లేదు. దాంతో అన్నీ ఒక మెట్టు జరిగి, కింది నుంచి మూడో చోటికి గుడిగంటల మీద లోతుగా చెక్కే సెట్టింగు వచ్చి కూర్చుంది. మొదటి మాట పూర్తయ్యేలోపే స్కేలు నడుం పైకి లేచిందట. మా ఆవిడ కరెంటు స్విచ్చి ఆపేసేసరికి ‘నిదానంగా’ అన్నంతవరకే పడింది.

ఆదివారం నల్ల కళ్లద్దాలతో ఇంటికి చేరాను. మంచినీళ్లయితే ఇచ్చింది గానీ, గ్లాసు తీసుకుంటూ ఉండగానే మా ఆవిడ మొదలుపెట్టింది.

“గల్లా తాళం ఇచ్చారు, బీరువా తాళం ఇచ్చారు. పది అక్షరాలు ఇవ్వలేకపోయారు. నందిగామ ఆయన వింటాడని భయమా, నేను వింటానని భయమా?”

కొయ్య సుత్తి తీసుకుని స్కేలుని సరిచేయాలని కూర్చున్నాను. కొంత దిగింది, పూర్తిగా దిగలేదు.

సాయంత్రం టీచరమ్మ వచ్చారు. స్కేలుని అంకెలు పైకి ఉండేలా గాజు బల్ల మీద పెడితే రెండు చివర్లూ ఊగాయి. ఆవిడ పెన్సిల్ అడిగి తీసుకుని, ఒక కాగితం మీద దాని అంచు వెంబడి గీత గీసి, కళ్లజోడు సర్దుకుని చూశారు.

“మాస్టారుంటే ఈ గీతకి సున్నా వేసేవారండీ,” అన్నారు. తర్వాత స్కేలు తిరగేసి, వేలితో ఆ ఒక్క మాటనీ తడిమారు. “రాత మాత్రం ఆయనదే. పిల్లకి వేరే స్కేలు కొనిస్తాను లెండి.”

తిట్టి ఉంటే బేరమాడేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు.

ఆ వారంలోనే మా ఆవిడా నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని పాత పేర్లన్నీ చెరిపేశాం. ‘పల్చటి ఇత్తడి, తక్కువ పవరు’, ‘గంటలు, లోతుగా’, ‘పెళ్లి గ్లాసులు’ అని అందరికీ తెలిసే తెలుగులో ఆవిడే టైపు చేసింది. పది అక్షరాలూ అప్పుడే చెప్పాను. ఇంతేనా అంది. ఇప్పుడు సరుకు మీద కంపెనీ స్టిక్కర్లు ఉంటున్నాయి, కొనేవాళ్లు ధర ఫోన్లో చూసుకునే మెట్లెక్కుతున్నారు, సెట్టింగులు ఊరి నుంచి ఊరికి నిమిషంలో వెళ్లిపోతున్నాయి. ఇదే మేలని ఒప్పుకుంటాను. అయినా నాన్న గొంతులో విన్న ఆ అక్షరాలు దేనికీ పనికిరాకుండా నాలో మిగిలిపోయాయి. ఎవరికైనా నేర్పుదామన్నా, ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం లేదు. మా కొట్లలో పోయింది రహస్యం ఒక్కటే కాదేమో, దాన్ని అప్పగించడానికి ఒక మనిషిని ఎంచుకునే ఆ ప్రేమ కూడానేమో. ఎంచుకోకుండా వదిలేసినవాళ్లని తలుచుకుంటే ఆ ప్రేమ మీద కూడా మనసు విరుగుతుంది.

ఆవేళ టీచరమ్మ వెళ్తూ బిల్లు అడిగారు. వద్దన్నాను. ఊరికే పని చేయించుకునే అలవాటు మా ఇంట్లో లేదండీ, జరిగింది జరిగినట్టు రాయండన్నారు. రాశాను, కార్బన్ కాపీ ఇంకా నా దగ్గరుంది. చెక్కిన మాట ఒకటి, అరవై రూపాయలు. చెక్కకుండా వదిలేసిన మాట ఒకటి, దానికి ఏమీ లేదు. మాస్టారి ఇత్తడి స్కేలు ఒకటి, యజమాని తప్పు వల్ల పాడైనది, వెల కట్టలేము. ఆవిడ అంతా చదివి, అరవై రూపాయలు బల్ల మీద పెట్టారు, ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. నేను తీసుకున్నాను.