దాచిన దూది

ఎనభైల్లో ఒక సర్కారు ఆసుపత్రిలో మందుల స్టోరు నా చేతిలో ఉండేది. వార్డువాళ్లు దూది అడిగినా, కట్టుగుడ్డ అడిగినా సగానికి కోసే ఇచ్చేవాణ్ణి. బీరువాలు నిండుగా కనిపిస్తే చాలు, నా అంత మొనగాడు జిల్లాలోనే లేడని మురిసిపోయేవాణ్ణి.

ఒకనాడు పరిగి దోవలో సైకిల్ మీద నుంచి పడి మోకాలు చీరుకుపోయింది. జనం నన్ను మా ఆసుపత్రికే మోసుకొచ్చినారు. స్టోరు తాళంచెవి నా మొలతాడుకే ఉండె. నేను దాన్ని విప్పేలోపే వార్డు నర్సమ్మ మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె లాగింది. దాని నిండా దూది, కట్టుగుడ్డలు!

"ఇంత సరుకు యాడిదమ్మా?" అన్నాను.

"మీరు సగమే ఇస్తారని నాలుగింతలు అడుగుతాం సార్. మిగిలింది ఈడ దాస్తాం."

కసురుకుందామంటే కాలు ఆమె చేతిలో ఉండె. బుద్ధిగా కట్టు కట్టించుకున్నాను.

నేను మళ్లీ డ్యూటీలో చేరిన దినమే ఆమె దూదికి వచ్చింది. ఇప్పుడు గుట్టు తెలిసింది కదా, నన్నెవరూ మోసం చెయ్యలేరని మీసం దువ్వి, అడిగినదాంట్లో నాలుగో వంతే చేతిలో పెట్టినాను.

ఆమె ఆ దూది వంక, నా మోకాలి వంక చూసింది.

"మీరు మారింటారనుకుని, ఈసారి కావాల్సినంతే అడిగినా సార్."